కాలువకు నీళ్లు రాని ఏడు సేద్యం నిలబెట్టుకునేదెలా? తుంగభద్ర ఆయకట్టు క్యాంపుల రైతులకు

తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి తాలూకాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కరువంటే కాలువ ఎండిపోవడమే. ఊళ్లో రెండు మంచి వానలు పడినా, ఎగువన మల్నాడులో వానలు లేకపోతే జలాశయం నిండదు. జలాశయం నిండకపోతే రెండో పంట ఉండదు. ఒక్కోసారి మొదటి పంటకే చివరి తడి అందదు. 2023లో ఇదే జరిగింది. ఆ ఏడు కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223 తాలూకాలను కరువు ప్రాంతాలుగా ప్రకటించారు. తుంగభద్ర కింద రెండో కారు వరికి నీళ్లివ్వలేదు.

అలాంటి ఏడు ఎవరు నిలబడ్డారు, ఎవరు అప్పుల్లో పడ్డారు అని చూస్తే మాకు ఒక్క తేడా కనిపిస్తుంది. నిలబడ్డవాళ్లు ఎక్కువ పండించినవాళ్లేమీ కాదు. డబ్బు మడిలోకి పోకముందే ఆగినవాళ్లు. కాబట్టి ఏ తేదీకి ఏ నిర్ణయం తీసుకోవాలి, ఎక్కడ ఖర్చు ఆపాలి, ఆగినా, ఆపలేక నష్టపోయినా బ్యాంకు, బీమా, సర్కారు దగ్గర రావలసింది ఎలా రాబట్టుకోవాలి అన్న వరుసలో ఇక్కడ చెబుతున్నాం. కాలువ కింద లేనివారికి కూడా డబ్బు, కాగితాల భాగాలు పనికొస్తాయి.

నీళ్లు ఎందుకు చాలవు

తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలై, 1953లో కాలువలకు నీళ్లు వదిలారు. మొదట్లో జలాశయంలో దాదాపు 133 టీఎంసీల నీళ్లు పట్టేవి. పూడిక పేరుకుపోయి ఇప్పుడు 105.78 టీఎంసీలే పడుతున్నాయి. అంటే నిండిన ఏడు కూడా మన తాతల కాలంలో ఉన్నంత నీరు లేదు.

రెండో కారణం మన చేతిలోనిదే. 227 కిలోమీటర్ల ఎడమ కాలువను ఎక్కువ భాగం జొన్న, పత్తి, వేరుశనగ లాంటి ఆరుతడి పంటల కోసం గీశారు. వరికి కేటాయించిన విస్తీర్ణం కొద్దిదే. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన మన పెద్దలు రేగడిని మడులుగా మార్చి వరి పండించారు. దానివల్ల ఈ ప్రాంతానికి బియ్యం కొట్టుగా పేరు వచ్చింది, మన కుటుంబాలు బాగుపడ్డాయి. కానీ పైభాగంలో వరి పెరిగేకొద్దీ చివరి ఆయకట్టుకు నీళ్లు తగ్గాయి. నిండిన ఏడు ఈ లోటు కనబడదు. కరువు ఏడు మాత్రం చివరి తూము కిందున్నవాళ్లకే మొదట దెబ్బ తగులుతుంది.

వాన లోపం ఒక్కటే కారణం అనుకోకూడదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు కొట్టుకుపోయి, నిండిన జలాశయం నుంచి నీళ్లు నదిలోకి పోయాయి. మిగిలిన పాత గేట్ల భద్రత కోసం 2025లో నిల్వను 80 టీఎంసీల దగ్గరే ఆపారు. గేట్లు మార్చే పని కోసం 2025–26 రెండో పంటకు నీళ్లివ్వకూడదని నిర్ణయించారు. అంటే వానలు బాగా కురిసిన ఏడు కూడా కాలువ ఎండవచ్చు. రెండో పంట ఉంటే లాభం అనుకోవాలి. దాన్ని నమ్ముకుని అప్పు చేయకూడదు.

నాలుగు తేదీలు, నాలుగు నిర్ణయాలు

మొదటిది జూన్ ఆఖరు. నారుమడి పోసే ముందు జలాశయంలో నీటిమట్టం, లోపలికి వచ్చే నీరు చూసుకోవాలి. అనుమానంగా ఉంటే నారంతా ఒకేసారి పోయొద్దు. పదిహేను రోజుల తేడాతో రెండు దఫాలుగా పోస్తే, నీళ్లు ఆలస్యమైనా కొంత నారు లేతగానే ఉంటుంది. 25–30 రోజుల నారు సరైనది. నలభై దాటిన ముదురు నారు నాటితే పిలకలు తగ్గి, ఎరువు ఎంత వేసినా దిగుబడి రాదు.

రెండోది ఆగస్టు మధ్య. అప్పటికి నీళ్లు చేలోకి రాకపోతే రకం మార్చాలి. బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, కోతకు 145–150 రోజులు తీసుకుంటుంది. ఆలస్యంగా నాటితే ఈనిక చలిలో పడి తాలు పెరుగుతుంది. ఆఖరి తడులకు కాలువలో నీళ్లూ ఉండవు. తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, దాదాపు 125 రోజులకే వస్తుంది. ఆ ఇరవై రోజుల నీళ్లే ఒక్కోసారి పంటను ఇంటికి చేరుస్తాయి. ఆగస్టు ఆఖరుకీ నీళ్లు రాకపోతే ఆ చేలో ఆ కారు వరి ఆలోచన మానుకుని, అక్టోబరులో శనగకో జొన్నకో చేను సిద్ధం చేసుకోవడం మేలు.

మూడోది చిరుపొట్ట దశ. పంట సగం పెరిగింది కదా అని, తడి మీద నమ్మకం లేకున్నా రెండో విడత యూరియా వేసేస్తాం. బెట్టకు వచ్చిన పైరుకు నత్రజని ఎక్కువైతే అగ్గితెగులు ముదురుతుంది. తరువాతి వంతు నీళ్లు ఎప్పుడో తేలాకే ఎరువు కొనాలి. ఉన్న నీళ్లు మొత్తానికి చాలవని తెలిస్తే, బాగున్న చేలకే పెట్టి మిగిలినది పశువుల మేతకు కోయాలి. చూడలేని పనే. అయినా మొత్తం ఎండడం కంటే సగం పండడం మేలు.

నాలుగోది నవంబరు. నీటిపారుదల సలహా సమితి రెండో పంట గురించి తేల్చేదాకా వేసవి వరికి నారు పోయొద్దు, విత్తనం అప్పు తేవొద్దు. పక్క క్యాంపులో పోశారన్నది ఆధారం కాదు.

ఖర్చు ఎలా ఆపాలో ఒక లెక్క చూద్దాం. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలు, మీ చేను ఖర్చులు వేసి మీరే తిరిగి చూసుకోవాలి. కౌలు కాక ఎకరాకు కోతల దాకా 38 వేల ఖర్చు అనుకుందాం. అందులో దున్నకం, దమ్ము, నారు, నాట్లు, మొదటి ఎరువులు, కలుపు, మందులు కలిపి 28 వేలు కోతకు రెండు నెలల ముందే అయిపోతాయి. పదెకరాలు నాటి సెప్టెంబరులో నీళ్లు ఆగితే 2 లక్షల 80 వేలు మట్టిలో కలుస్తాయి. ఆరెకరాలే నాటితే పెట్టుబడి 1 లక్షా 68 వేలు. పదెకరాలకు చాలని నీళ్లు ఆరెకరాలకు చాలే అవకాశం కూడా ఉంటుంది. మిగిలిన నాలుగెకరాలు ఖాళీగా కనిపిస్తాయి కానీ, ఆ 1 లక్షా 12 వేలు మీ దగ్గరే ఉంటాయి.

వరే వేయాలనుకుంటే

నేరుగా విత్తే వరి ఇప్పుడు ఈ ప్రాంతానికి కొత్త కాదు. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం దీన్ని చాలాకాలంగా ప్రోత్సహిస్తోంది. తొలకరి వానకే ట్రాక్టర్ గొర్రుతో ఎకరాకు 10–12 కిలోల విత్తనం వేయవచ్చు. నారు, దమ్ము, నాట్ల ఖర్చు మిగులుతుంది. కాలువ ఆలస్యమైనా వానల మీద పైరు లేస్తుంది.

ఇందులో దెబ్బతినేది కలుపు దగ్గరే. విత్తిన రెండు మూడు రోజుల్లో, నేల తేమగా ఉండగానే పెండిమిథాలిన్ కొట్టాలి. 15–20 రోజులకు కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు బిస్‌పైరిబాక్ సోడియం కొట్టాలి. మోతాదు డబ్బా మీద ఉన్న ప్రకారమే వాడాలి. లేత ఆకులు తెల్లబడితే ఇనుము లోపం. దానికి అన్నభేది పిచికారీ చేయాలి, యూరియా పెంచకూడదు.

నాటిన వరికైతే ఆరుతడి పద్ధతి ఉంది. అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టానికి కింది భాగంలో రంధ్రాలు చేసి, మడిలో నిలువుగా పాతాలి. అందులో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టాలి. పైపైన ఆరినట్టు కనిపించినా వేళ్లకు నీరు అందుతూనే ఉంటుంది. నాటిన మొదటి రెండు వారాలు, ఈనిక సమయంలో మాత్రం నీరు నిలిపి ఉంచాలి. ఇలా చేస్తే 15 నుంచి 30 శాతం దాకా నీరు ఆదా అవుతుంది. నేల నెర్రెలిచ్చేదాకా ఆపితే మాత్రం తరువాత పెట్టిన నీళ్లన్నీ నెర్రెల్లోకే పోతాయి.

రెండో కారుకు వరి బదులు

రేగడిలో మిగిలిన తేమ మీద శనగ, రబీ జొన్న పండుతాయి. శనగలో జేజీ 11, జొన్నలో మాల్దండి అనే ఎం 35–1 ఈ నేలలకు అలవాటైన రకాలు. శనగకు అక్టోబరు రెండో సగం నుంచి నవంబరు మధ్య దాకా మంచి అదను. డిసెంబరులో వరి కోశాక వేస్తే గింజ కట్టే వేళకు ఎండలు ముదిరి తూకం పడిపోతుంది. శనగ వేయాలంటే మొదటి కారులోనే ఆ చేనుకు తక్కువ రోజుల వరి ఎంచుకోవాలి.

ఇంకో జాగ్రత్త. ఏళ్ల తరబడి వరి వల్ల మురుగు నిలిచి చౌడెక్కిన చేలు మన దగ్గర చాలా ఉన్నాయి. శనగ చౌడును అసలు ఓర్చుకోదు. అలాంటి చేలో జొన్న కొంత నయం. మట్టి పరీక్ష చేయించకుండా విత్తనానికి డబ్బు పెట్టొద్దు.

చెరువు, బోరు

చివరి ఆయకట్టులో చాలామంది సొంత చెరువు తవ్వి, కాలువ పారేటప్పుడు నింపుకుంటున్నారు. మంచి ఆలోచనే కానీ దానితో ఏం పండించవచ్చో ముందే లెక్క వేసుకోవాలి. ఎకరం విస్తీర్ణంలో మూడు మీటర్ల లోతు చెరువు పూర్తిగా నిండితే దాదాపు 1 కోటి 20 లక్షల లీటర్లు. ఎండకు, ఇంకుడుకు మూడో వంతు పోయిందనుకుంటే 80 లక్షల లీటర్లు మిగులుతాయి. వరికి పంటకాలమంతా కలిపి 1200 మిల్లీమీటర్ల నీరు వేసుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లు పైనే. అంటే ఆ చెరువుతో ఒకటిన్నర ఎకరం వరి పండుతుంది. అదే నీటితో శనగకు 50 మిల్లీమీటర్ల చొప్పున ఒక తడి ఇస్తే దాదాపు 40 ఎకరాలకు ఇవ్వవచ్చు. కాబట్టి చెరువు నీటిని వేసవి వరికి వాడడం దండగ. నారుమళ్లకు, వరి ఆఖరి తడికి, ఆరుతడి పంటలకు, పశువులకు దాచుకోవాలి. సొంత చెరువు తవ్వాలనుకుంటే ప్రభుత్వ కృషి భాగ్య పథకం మీ భూమికి వర్తిస్తుందేమో రైత సంపర్క కేంద్రంలో ముందు అడగాలి.

పైరు ఎండుతుంటే చూడలేక అప్పు చేసి బోరు వేయించేవాళ్లు ప్రతి కరువులో ఉంటారు. నీళ్లు పడకపోతే పంటతో పాటు ఆ డబ్బూ పోతుంది. పడినా కాలువ ప్రాంతంలో చాలాచోట్ల ఉప్పు నీళ్లే. ఆ నీళ్లు పారిస్తే చేను చౌడెక్కుతుంది. చుట్టుపక్కల బోర్ల నీటిని పరీక్ష చేయించకుండా బోరు బండిని పిలవొద్దు.

డబ్బు: ఏ అప్పు ముందు, ఏది తరువాత

కరువు ఖాయమని తెలిసిన రోజున ఇంట్లో అందరూ కూర్చుని మూడు లెక్కలు రాయాలి. పన్నెండు నెలల ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, మందులు మొదటిది. ట్రాక్టరు, కోత మిషను వాయిదాలు రెండోది. సేద్యం పెట్టుబడి మూడోది. మొదటి లెక్కకు కావలసిన డబ్బు పక్కన పెట్టాకే మూడోదాని జోలికి పోవాలి. మన ఇళ్లలో ఇది తిరగబడుతుంది. ఉన్నదంతా మడిలో పెట్టి, ఇంటి ఖర్చుకు ఎరువుల కొట్టు దగ్గరో దళారీ దగ్గరో చేయి చాస్తాం.

నూటికి రెండు రూపాయల వడ్డీ వినడానికి చిన్నది. 2 లక్షలు పద్దెనిమిది నెలలు ఉంటే 72 వేలు అవుతుంది. బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల దాకా వడ్డీ ఏడాదికి 7 శాతం. గడువులో కడితే ఇంకో 3 శాతం రాయితీ వచ్చి 4 శాతమే పడుతుంది. 7 శాతం లెక్కన చూస్తే అదే 2 లక్షలకు పద్దెనిమిది నెలల వడ్డీ 21 వేలు; గడువు దాటితే మాత్రం ఆ రేటు పోయి బ్యాంకు మామూలు వడ్డీ పడుతుంది. అందుకే పంట వచ్చిన ఏడు మొదట బ్యాంకు కార్డు సరిచేసి ఉంచుకోవాలి. ఆ ఏడు దళారీకి కట్టి బ్యాంకును వదిలేస్తే, కరువు ఏడు మళ్లీ దళారీ ఒక్కడే దిక్కు అవుతాడు.

కరువు ప్రకటించిన ప్రాంతంలో పంట రుణాన్ని తిరిగి సర్దుబాటు చేసుకునే వీలుంది. 2023 కరువులో వర్తించిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్ల దాకా, 50 శాతం లేదా అంతకు మించితే అయిదేళ్ల దాకా గడువు ఇవ్వవచ్చు. రెండింటిలోనూ మొదటి ఏడాది కట్టక్కర్లేదు. ఇది రుణమాఫీ కాదు, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి, వాయిదా తప్పకముందే వెళ్లాలి. ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో బ్యాంకులో అడిగి రాయించుకోవాలి.

బీమా, సర్కారు పరిహారం

ఈ రెండూ వేరు వేరు. ఒకటి వచ్చిందని రెండోది ఆగదు.

ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు వాటా వానాకాలం ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. 2020 వానాకాలం నుంచి రుణం తీసుకున్నవారికి కూడా ఇది ఐచ్ఛికం. వద్దనుకుంటే గడువు తేదీకి ఏడు రోజుల ముందే బ్యాంకులో రాసివ్వాలి. నీళ్లు లేక విత్తనమే వేయలేకపోతే, ఆ బీమా యూనిట్‌లో 75 శాతం పైగా విస్తీర్ణం బీడు పడినప్పుడు బీమా మొత్తంలో 25 శాతం ఇచ్చి పాలసీ ముగిస్తారు. కరువుకు మీ ఒక్కరి చేను చూడరు, పంచాయతీ స్థాయి పంట కోత ప్రయోగాల సగటు చూస్తారు. 72 గంటల్లో ఫిర్యాదు చేయాలన్న నియమం వడగళ్లు, ముంపు లాంటి స్థానిక నష్టాలకు. బీమా సందేహాలకు 14447 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

మనవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఒక చిన్న పొరపాటు వల్ల. బ్యాంకు పాత అలవాటుగా వరికి బీమా కట్టేస్తుంది. మనం ఆ ఏడు శనగో జొన్నో వేస్తాం. పంట సర్వేలో ఒకటి, బీమాలో ఇంకొకటి ఉంటే క్లెయిము తిరస్కరిస్తారు. పంట మార్చే ఆలోచన ఉంటే గడువు లోపలే బ్యాంకుకు రాసివ్వాలి.

సర్కారు ఇచ్చే పంట నష్ట పరిహారం, అంటే ఇన్‌పుట్ సబ్సిడీ, 33 శాతం దాటిన నష్టానికే వర్తిస్తుంది. 2022–26 కాలానికి కేంద్రం నిర్ణయించిన రేటు హెక్టారుకు వర్షాధార భూమికి 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న భూమికి 17,000, బహువార్షిక పంటలకు 22,500. ఒక్కో రైతుకు రెండు హెక్టార్ల దాకానే. ఎకరాల్లో చూస్తే నీటి భూమికి 6,900 లోపే. ఎకరాకు పాతికవేలు పైగా పెట్టిన వరికి ఇది ఏ మూలకూ చాలదు. పరిహారం వస్తుంది కదా అని పంట వేయకూడదన్నది అందుకే. వచ్చే డబ్బును మాత్రం వదులుకోకూడదు.

కాగితాల్లో పేరు సరిగా ఉందా

2023–24లో కరువు పరిహారం ఎఫ్‌ఐడీ నంబరు, పంట సర్వే, ఆధార్‌తో ముడిపడిన బ్యాంకు ఖాతా ఆధారంగా నేరుగా జమ చేశారు. ఇక్కడ తెలుగు కుటుంబాలకు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు ఉన్నాయి.

ఒకటి, ఇంటిపేరు. పహణిలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. కన్నడలో రాసేటప్పుడు అక్షరాలు మారతాయి. ఈ తేడాతోనే డబ్బు ఆగిపోవచ్చు. మూడింటిలో ఒకేలా ఉండేట్టు కరువు రాకముందే సరిచేయించుకోవాలి.

రెండు, భూమి ఇంకా తాతగారి పేరు మీదే ఉండడం. అన్నదమ్ములు మాట మీద పంచుకుని దున్నుకుంటుంటారు. పోయినవారి పేరుతో ఎఫ్‌ఐడీ రాదు. వారసుల పేరు ఎక్కించే పౌతి ఖాతె చేయించుకోవాలి.

మూడు, పంట సర్వే. మొబైల్ యాప్‌లో రైతే స్వయంగా నమోదు చేయవచ్చు, లేదా ఊళ్లో నియమించిన వ్యక్తి చేస్తారు. చేసిన వివరం ఏమిటో తప్పక చూసుకోవాలి. బీడు పడితే బీడు అనే రాయించాలి.

నోటీసులు కన్నడలో వస్తాయి. కొన్ని మాటలు తెలిసి ఉంటే పని సులువు. బర అంటే కరువు. బర పరిహార అంటే కరువు సాయం. బెళె విమె అంటే పంట బీమా. బెళె సమీక్షె అంటే పంట సర్వే. పహణి మనకు తెలిసిందే, అందులో పంట కాలమ్ కూడా చూడాలి. సాల అంటే అప్పు, బడ్డి అంటే వడ్డీ, కొనెయ దినాంక అంటే ఆఖరి తేదీ. తహసీల్దారుకు ఇచ్చే అర్జీ నాడకచేరిలో ఇవ్వవచ్చు. విత్తనాలు, పథకాల వివరాలు రైత సంపర్క కేంద్రంలో దొరుకుతాయి.

కౌలు: మాట ముందే తేల్చుకోవాలి

ఇది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పక తప్పదు. మన క్యాంపుల్లో పిల్లలు బెంగళూరుకో హైదరాబాదుకో విదేశాలకో వెళ్లిపోయి, పొలాలు కౌలుకు ఇచ్చిన ఇళ్లు చాలా ఉన్నాయి. సొంత భూమి లేక కౌలు మీదే బతికే తెలుగువాళ్లూ ఉన్నారు. కర్ణాటక భూసంస్కరణల చట్టానికి 1974లో వచ్చిన సవరణ తరువాత వ్యవసాయ భూమిని కౌలుకు ఇవ్వడం, కొద్ది మినహాయింపులు తప్ప, నిషేధం. అందువల్ల కౌలు నోటి మాట మీదే నడుస్తుంది, పహణిలో కౌలుదారు పేరు ఉండదు. పెట్టుబడి పెట్టి నష్టపోయేది ఒకరు, పరిహారం జమయ్యేది ఇంకొకరి ఖాతాలో.

పంట పోయిన కౌలుదారు దగ్గర పూర్తి కౌలు వసూలు చేసి, పరిహారం కూడా యజమాని ఉంచుకోవడం న్యాయం కాదు. చట్టం పట్టించుకోకపోయినా ఊళ్లో మనం పట్టించుకోవాలి. సీజను ముందు ఇద్దరు పెద్దల ఎదుట నాలుగు సంగతులు తేల్చుకోవాలి. కాలువ అసలు రాకపోతే కౌలు ఎంత? సగంలో ఆగిపోతే ఎంత? బీమా ఎవరు కడతారు? పరిహారం వస్తే ఎవరికి ఎంత? దీన్ని కాగితం మీద రాసుకున్నా అది కోర్టులో నిలిచే పత్రం కాదు. మాట మారిపోకుండా ఉంటుంది, అంతే. కౌలు ముందే డబ్బుగా కట్టడం కంటే, పండిన పంటలో వాటాగా మాట్లాడుకుంటే కరువు భారం ఇద్దరి మీదా పడుతుంది.

భూమి కాగితం లేని కౌలుదారులు నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి బ్యాంకు రుణం అడగవచ్చు. ఒకరికొకరు హామీ ఉంటారు కాబట్టి, నమ్మకమున్నవాళ్లతోనే కలవాలి.

పశువులు, దాచిన ధాన్యం

వరి తగ్గితే ఎండుగడ్డి కూడా తగ్గుతుంది. కోతలప్పుడు గడ్డి కాల్చకుండా వాము వేసుకోవాలి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా 40–50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి బలం పెరుగుతుంది. ఆరునెలల లోపు దూడలకు ఇది పెట్టొద్దు. బెట్టకు వచ్చిన లేత జొన్న మేపితే పశువులు విషం ఎక్కి చనిపోతాయి. పూత దశ దాటాకే కోసి పెట్టాలి. పశువులను తగ్గించుకోవాలనుకుంటే గడ్డి అయిపోకముందే, సంత ధర పడిపోకముందే అమ్మాలి.

ఇంట్లో ధాన్యం ఉంటే కరువు ఏడు ధర పెరుగుతుందని అందరూ ఆగుతారు. కొంతవరకు నిజమే. కానీ 2023 జులై 20న కేంద్రం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరు ఆఖరుకు గానీ ఎత్తివేయలేదు. ధర మన చేతిలో ఉండదు. మూడు వంతులు చేసి, ఒక వంతు కోతలకు, ఒకటి సంక్రాంతి తరువాత, ఒకటి వేసవిలో అమ్మడం మేలు. గుర్తింపు ఉన్న గోదాములో పెట్టిన ధాన్యం రసీదు మీద బ్యాంకు రుణం దొరుకుతుంది. డబ్బు అవసరానికి తక్కువ ధరకు తెగనమ్మే పని తప్పుతుంది.

ఇతర రాష్ట్రాల మనవారికి

పేర్లు మారినా పని ఇదే. తమిళనాడులో పట్టా, చిట్టాతో పాటు గ్రామాధికారి ఇచ్చే అడంగల్‌లో ఆ ఏడు వేసిన పంట ఉండాలి. మహారాష్ట్రలో సాత్ బారా పత్రంలో పంట నమోదు కావాలంటే ఈ–పీక్ పాహణి యాప్‌లో రైతే ఎక్కించాలి. ఎక్కడైనా భూమి పత్రం, పంట నమోదు, ఆధార్, బ్యాంకు ఖాతా నాలుగింటిలో పేరు ఒకేలా ఉండాలి. బీమా శాతాలు అన్నిచోట్లా ఒకటే అయినా, ఆ పథకం మీ రాష్ట్రంలో ఆ ఏడు అమల్లో ఉందో లేదో ముందు కనుక్కోవాలి. సేద్యం సలహాకు కిసాన్ కాల్ సెంటర్ 1800–180–1551.

చివరగా ఒక్క మాట. మన పెద్దలు ఊరుగాని ఊరు వచ్చి, తుమ్మలు కొట్టి, రేగడిని మడులు చేశారు. వాళ్ల పేరు నిలబెట్టాలనే పట్టుదలతో కొందరు కరువు ఏడు కూడా పూర్తి చేను నాటుతారు, పంట పోతే అప్పు సంగతి ఇంట్లో చెప్పరు. నాలుగెకరాలు బీడు పెట్టడం పరువు తక్కువ కాదు. అప్పు లెక్క భార్యకు, ఎదిగిన పిల్లలకు తెలియాలి. ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి, నిద్రపోకుండా, బతుకు మీద విసిగినట్టు మాట్లాడుతుంటే వారిని ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. పొలం ఒక ఏడు ఆగుతుంది, మళ్లీ కాలువ వస్తుంది. అప్పటికి ఇంట్లో మనిషీ, విత్తనానికి డబ్బూ మిగిలి ఉండాలి.